మంచం పక్కన రేకు డబ్బా

పెళ్ళయిన కొత్తలో మా ఆయన గురక గురించి పుట్టింట్లో నవ్వుతూ చెప్పేదాన్ని. అది నవ్వే విషయం కాదని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. గురక మధ్యలో ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోయేది. మోచేత్తో ఒక పోటు పొడిస్తే ఒక్కసారిగా గాలి పీల్చుకుని అటు తిరిగి పడుకునేవారు. పొద్దున్న ఏమీ గుర్తుండేది కాదు. ఆఫీసుకు వెళ్ళే రైల్లో సీటు దొరికితే చాలు, నిద్రే. తానా మేరాలో దిగి రైలు మారాల్సిన మనిషి చివరి స్టేషన్లో కళ్ళు తెరిచేవారు. రెండోసారి అలా జరిగాక నేనే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. ఒంటినిండా వైర్లు అంటించి, పడుకోబెట్టి పరీక్ష చేశారు. స్లీప్ ఆప్నియా అన్నారు. నిద్రలో గొంతు మూసుకుపోకుండా గాలి నెట్టే మిషన్ ఒకటి రాసిచ్చారు.

మొదటిరోజు ఆయన మాస్కు తగిలించుకుని, గొట్టం చేత్తో పట్టుకుని అద్దం ముందు నిలబడ్డారు.

"ఏనుగులా ఉన్నాను కదూ?"

"పిల్ల ఏనుగు" అన్నాను.

నెల తిరిగేసరికి వేరే మనిషిని చూసినట్టుంది. నేను లేచేసరికి కాఫీ కలిపి ఉంచేవారు. చిన్నచిన్న వాటికి చిరాకు పడడం మానేశారు. ఆ మిషన్ సన్నగా ఊదే చప్పుడు లేకపోతే నాకే నిద్రపట్టనంతగా అలవాటైంది.

ఆయన పని చాంగీ బిజినెస్ పార్కులో, ఒక బ్యాంకు వాళ్ళ కంప్యూటర్లు చూడడం. మూడు వారాలకోసారి రాత్రి డ్యూటీ పడుతుంది. ఆ వారం పొద్దున్నే బుకిట్ బటోక్‌లో మా ఫ్లాటుకు వచ్చి, టిఫిన్ తిని, కర్టెన్లు మూసి మధ్యాహ్నం మూడింటిదాకా పడుకుంటారు. అలాంటి ఒకరోజు పదకొండు గంటలప్పుడు నేను వంటింట్లో ఇడ్లీకి పప్పు రుబ్బుతున్నాను. గ్రైండర్ ప్లగ్గుకు తడి తగిలిందో ఏమో, ఠప్పుమని ఇల్లంతా కరెంటు పోయింది.

నేను ముందు చూసింది పిండి వైపు. సగం నలిగిన పప్పు పాడైపోతుందే అని విసుక్కున్నాను. ప్లగ్గు పీకి తుడిచాను. స్టూలు తెచ్చుకుని, తలుపు పైనున్న స్విచ్చుల పెట్టె తెరిచి, ఏది కిందపడిందో తీరిగ్గా వెతుకుతున్నాను. అప్పుడు వెనకనుంచి గోడకు ఏదో రాసుకున్న చప్పుడైంది.

ఆయన గోడ పట్టుకుని వస్తున్నారు. మాస్కు మెడ మీదికి జారి ఉంది. ఊడొచ్చిన గొట్టం నేలమీద ఈడ్చుకొస్తోంది. మొహం ఎర్రగా కందిపోయింది. హాల్లోకి వచ్చి అలాగే నేలమీద కూలబడ్డారు.

"గాలి రాలేదే" అన్నారు. "మొహం మీద దిండు పెట్టి ఎవరో అదిమినట్టయింది. ఎక్కడున్నానో కూడా తెలియలేదు."

స్టూలు దిగి మంచినీళ్ళిచ్చాను. కాసేపటికి తేరుకుని, "ఇడ్లీ కోసం మొగుణ్ణి బలి ఇచ్చేదానివి" అని నవ్వారు కూడా. నేనూ నవ్వాను. కానీ ఆయన సరదాకి అన్న మాట నిజం. కరెంటు పోగానే నాకు పిండి గుర్తొచ్చింది, మనిషి గుర్తు రాలేదు.

క్లినిక్‌కు ఫోన్ చేసి అడిగాను. మాస్కుకు గాలి రంధ్రాలుంటాయి, ఊపిరాడక పోయే భయం లేదు, మెలకువ రావడం మంచిదే అన్నారు. మిషన్ లేకుండా నిద్ర కొనసాగితే మాత్రం పాత బాధ తిరిగొస్తుందని చెప్పారు. నా మనసు కుదుటపడలేదు.

మా ఇంటికి రెండంతస్తుల కింద ఒక ఆంటీ ఉంటారు. మలేసియాలో రబ్బరు తోటల్లో పుట్టి, ఉద్యోగానికి ఇక్కడికొచ్చి, ముప్ఫై ఏళ్ళు హాస్పిటల్లో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ తాతలు ఎప్పుడో విశాఖపట్నం వైపునుంచి ఓడెక్కినవాళ్ళు. ఆవిడ మాట్లాడుతుంటే మా అమ్మమ్మ మాట వినపడేది, మధ్యలో మలయ్, తమిళం, ఇంగ్లీషు దొర్లినా, చివర ఇక్కడివాళ్ళ "లా" తగిలినా సరే. రెండు రోజుల తర్వాత లిఫ్టులో కలిశారు.

"ఏటి పిల్లా, మొహం అలగుంది?"

అక్కడే చెప్పేశాను, పిండి సంగతితో సహా. ఆవిడ నవ్వలేదు, ఓదార్చనూ లేదు.

"మా ఇంటాయనా ఏడేళ్ళు ఎట్టుకున్నాడు ఆ మిషను. పోయింది గుండెతో, నిద్రలో కాదు. నువ్వు ఏడవకు. సామాన్లు రెడీగా ఉంచుకోవాల. రేపు మకాన్ అయినాక వస్తాను, రాసుకుందువుగాని లా."

అన్నట్టే మర్నాడు భోజనం వేళ దాటాక వచ్చారు. చేతిలో పాత బిస్కెట్ల రేకు డబ్బా, పెద్దది, చదరంగా ఉంది. మూత మీద రంగు సగం పోయింది. మా ఆయన అప్పుడే నిద్రలేచి టీ తాగుతున్నారు. ఆవిడ బల్ల ముందు కూర్చుని, వార్డులో కొత్త నర్సుకు పని నేర్పినట్టు మొదలుపెట్టారు.

టార్చి ముందు. అదీ డబ్బాలో పైనే, బ్యాటరీలు విడిగా ఓ సంచిలో. లోపలే వదిలేస్తే చీమిడి కారి పాడవుతాయట. మాస్కుకు మెత్తగా ఉండే రబ్బరు అంచు ఇంకొకటి, తల వెనక పట్టీ ఒకటి, గాలి వడగట్టే ఫిల్టర్లు రెండు. గొట్టం చిరిగితే చుట్టడానికి టేపు. మిషన్ ఎంత గాలికి పెట్టారో డాక్టరు రాసిచ్చిన కాగితం నకలు. ఫోన్ నంబర్లు కాగితం మీద, పెద్ద అక్షరాల్లో.

"ఫోన్‌లో ఉన్నాయి కదాంటీ" అన్నారు మా ఆయన.

"ఫోను చచ్చిపోతే ఎవరిని అడుగుతావు? రాయి."

రాశారు.

పెద్ద ఖర్చు బ్యాటరీది. మా మిషన్‌కు సరిపడేది, దాని వైరుతో సహా మా ఆయన షాపులో అడిగి తెచ్చారు. అది డబ్బాలో పట్టక మంచం కింద పెట్టాం. మిషన్‌లో నీళ్ళను వేడిచేసే భాగం ఆపేస్తే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని షాపతను చెప్పాడు. ఆపేస్తే ముక్కు ఎండిపోతుంది కాబట్టి ఉప్పునీటి స్ప్రే కూడా డబ్బాలో చేరింది.

"ఎవరెస్టు ఎక్కుతున్నామా మనం?" అన్నారు ఆయన, మూత మీద చెయ్యి వేసి నొక్కుతూ.

డబ్బా ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి మళ్ళీ వచ్చిన ఆంటీని, బ్యాటరీ కూడా అయిపోతే ఏం చెయ్యాలని అడిగాను. ఆవిడ తన చేతిసంచిలోంచి మడతపెట్టిన టీషర్టు తీశారు. వీపు మీద రెండు భుజాల మధ్య చిన్న జేబు కుట్టి ఉంది, అందులో టెన్నిస్ బంతి. వెల్లకిలా పడుకుంటే బంతి గుచ్చుకుని మనిషి పక్కకు తిరుగుతాడు. పక్కకు తిరిగి పడుకుంటే గొంతు అంతగా మూసుకుపోదు.

"ఆయనకే కుట్టినాను. ఉతికే ఉంచినాను. పెద్ద సైజు, నీ మొగుడికి వదులవుద్ది." టీషర్టు అంచు ఒకసారి సవరించి నాకిచ్చారు. "మరి దేనికీ వాడుకోలేను కదా పిల్లా."

మా ఆయన లేచి, వేసుకున్న చొక్కా మీదే ఆ టీషర్టు తొడుక్కుని, వెనక్కి తిరిగి చూపించారు. బంతి నడుము దగ్గర వేలాడింది. ఆంటీ చాలాసేపు నవ్వారు, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం రిహార్సల్ చేశాం. ఆయన మాస్కు పెట్టుకుని పడుకున్నారు. నేను మెయిన్ స్విచ్చు ఆపేసి పరుగెత్తాను. టార్చిలో బ్యాటరీలు తలకిందులుగా పెట్టాను. మంచం కింద వైరు దొరకలేదు, దొరికాక ఎటు గుచ్చాలో తోచలేదు. ఆయన కళ్ళు మూసుకునే, "నేను పోయి చాలాసేపైంది" అన్నారు. రెండోసారి కాస్త నయం. మూడోసారి, ఆయన నవ్వు ఆపుకునేలోపే మిషన్ ఊదడం మొదలుపెట్టింది.

ఆ రాత్రి భోంచేస్తుండగా పిండి సంగతి చెప్పాను. ఆయన ముద్ద కలుపుతూనే, "తెలుసు" అన్నారు. "స్టూలు మీదున్నప్పుడు నీ చేతికి పిండి ఉంది. నేనైతే టీవీ ఎందుకాగిందని లేచేవాణ్ణి." పెరుగు గిన్నె నా వైపు జరిపారు.

కొన్ని నెలలకు మా బ్లాకులో కరెంటు పనులున్నాయని, ఉదయం పది నుంచి నాలుగు దాకా సరఫరా ఉండదని లిఫ్టు దగ్గర కాగితం అంటించారు. సరిగ్గా ఆయన రాత్రి డ్యూటీ వారం. ముందురోజే బ్యాటరీ నిండా ఛార్జి చేశాను. ఆయన వచ్చి పడుకునేటప్పుడే వైరు మార్చి, నీళ్ళ వేడి ఆపేశాను. పదింటికి ఫ్యాను ఆగింది, వంటింట్లో ఫ్రిజ్ ఆగింది. మిషన్ ఆగలేదు.

నేను కుర్చీ తెచ్చుకుని మంచం పక్కన కూర్చున్నాను. కిటికీ తెరిచి, విసనకర్ర లేక క్యాలెండరు అట్టతో మెల్లగా విసిరాను. మాస్కు పట్టీ పక్కన ఆయన చెంపలు నెరిశాయి. ఎప్పుడు నెరిశాయో నేను చూసుకోలేదు. ఊపిరి సమంగా వస్తోంది, పోతోంది. పన్నెండింటికి ఆంటీ తలుపు దగ్గరికొచ్చి, "ఓకే ఆ?" అని గుసగుసగా అడిగి, నేను తలూపగానే వెళ్ళిపోయారు.

మూడింటికి ఆయన కదిలారు. మాస్కు కొంచెం పైకెత్తి, "కరెంటొచ్చిందా?" అన్నారు.

"ఇంకా లేదండీ."

మిషన్ వైపు ఒకసారి, నా చేతిలో అట్ట వైపు ఒకసారి చూశారు.

"అయితే ఇంకో అరగంట" అని మాస్కు సర్దుకుని అటు తిరిగి పడుకున్నారు.