గడిలో పెట్టిన చుక్క

వాసంతి ఇంట్లో చాయ్ పెట్టుకోవాలంటే లెక్కలు రావాలి. చక్కెర డబ్బా మూత మీద పైథాగరస్ సిద్ధాంతం, చాయ్‌పత్త డబ్బా మీద ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్, కారం డబ్బా మీద వృత్తం వైశాల్యం. అన్నీ కాగితం ముక్కల మీద పెద్ద అక్షరాలతో రాసి, అన్నం మెతుకులతో అంటించి పెట్టింది. చీరల దుకాణంలో సేల్స్‌మన్‌గా చేసే ఆమె భర్త రామచంద్రం, పొద్దున్నే వంటింట్లో నిలబడి కేకేస్తాడు.

"ఏమే, చక్కెర ఏడ పెట్టినవ్?"

"పైథాగరస్ డబ్బాల చూడు."

"గాయన ఎవరో నాకెర్కలేదు. జర చక్కెర సంగతి చెప్పు!"

నలభై నాలుగేళ్ల వయసులో ఈ పిచ్చేమిటని మీర్‌పేట్‌లో వాళ్ల గల్లీ అంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ, వాళ్ల పళ్లే కనబడతాయి! ఓపెన్ స్కూల్ టెన్త్‌లో తెలుగు, సాంఘికం, సైన్సు అన్నీ వాసంతి ఒక్క ఊపులో గట్టెక్కింది. లెక్కలే రెండుసార్లు ముంచాయి. మొదటిసారి ముప్ఫై ఒకటి, రెండోసారి ముప్ఫై రెండు. పాసు కావడానికి ముప్ఫై ఐదు రావాలి.

ఆమె చేసే పని కూడా చదువుల మధ్యే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బిల్డింగు మూడో అంతస్తులో రీడింగ్ హాలు ఉంది. ప్లైవుడ్ అడ్డాలు పెట్టిన అరవై కుర్చీలు, అరవై బల్లలు. గ్రూప్స్ వాళ్లు, బ్యాంకు పరీక్షల వాళ్లు, పోలీసు ఉద్యోగం కోసం ఎదురుచూసేవాళ్లు నెలలకు నెలలు అక్కడే కూర్చుంటారు. హాలు తెరవడం, ఊడ్వడం, చప్పుడు కాకుండా చూడటం వాసంతి పని. మొదటి రెండూ ఎవరైనా చేస్తారు. మూడోది ఆమెకే చెల్లు. ఆమె ఒక్క చూపు చూస్తే చిప్స్ ప్యాకెట్ కూడా గప్‌చుప్‌గా తెరుచుకుంటుంది.

ఊడుస్తూ ఊడుస్తూ ఆమె అందరి చదువులూ గమనించేది. ఒకడు నిలబడే చదువుతాడు. ఒకామె ప్రతి ముక్కా పదిసార్లు రాసి, ఆ కాగితం చింపేస్తుంది. ఇంకొకడు పుస్తకం తెరిచి దాని మీదే తల పెట్టుకుని కునుకు తీస్తాడు, లేచి మళ్లీ మొదటి పేజీ తిప్పుతాడు. వాసంతికి మాత్రం అటూ ఇటూ నడుస్తూ, గొంతెత్తి చదివితేనే బుర్రకెక్కుతుంది. ఖర్మ కాకపోతే ఏమిటి, ఊరందరికీ చదువుకునే చోటైన ఆ హాల్లో చదువుకోలేనిది ఆమె ఒక్కతే! అందుకే మెట్ల మీద చదివేది, మేడపైన నీళ్ల ట్యాంకుల మధ్య తిరుగుతూ చదివేది. బస్సులో నిలబడి పదిహేడో ఎక్కం అప్పజెప్పుకుంటుంటే, "ముందుగాల ఆధార్ కార్డు చూపియ్యక్కా, తర్వాత చదువుకో" అనేది కండక్టరమ్మ.

హాలు యజమాని మహేందర్ ఈమధ్య ఎల్‌బీ నగర్ మెట్రో దగ్గర ఆడపిల్లలకు విడిగా ఇంకో హాలు పెట్టబోతున్నాడు. "ఇన్‌చార్జి నువ్వే ఉండాలక్కా. గని పిల్లల తల్లిదండ్రులు అడుగుతరు, టెన్త్ అన్న లేకుంటే ఎట్ల? జూన్ దాక ఆగుతా" అన్నాడు. సొంత బల్ల, సొంత కుర్చీ, చీపురు పట్టని ఉద్యోగం! మూడోసారి కూడా తప్పితే పుస్తకాలు కట్టగట్టి అటకెక్కిస్తానని వాసంతి ఒట్టు పెట్టుకుంది.

ఉద్యోగం ఒకటే అయితే ఇంత పట్టింపు ఉండేది కాదేమో. ఇంట్లో తల్లి మల్లమ్మ ఉంది. పోచంపల్లి పక్క పల్లెలో చిటికి పని చేసిన మనిషి. నూలుకు రంగు తాకకూడని చోట రబ్బరు చుట్టి ముడులు కట్టడమే చిటికి పని. ఎక్కడ కట్టాలో గడుల కాగితం మీద డిజైను గీసి ఉంటుంది. ఆ కాగితం చదవడం కూతురికి తొమ్మిదో ఏటే నేర్పింది. గడి తప్పితే నెత్తిన ఒక మొట్టికాయ. "గడి చూడు, గీత చూడకు" అనేది. తర్వాత మల్లమ్మకు భుజం పడిపోయింది. రోజుకు వేలసార్లు చెయ్యి ఆడించి, నూలును మేకుల చుట్టూ తిప్పుతూ ఆసు పోయడానికి ఇంట్లో ఇంకెవరూ లేక, ఎనిమిదో తరగతిలో కూతుర్ని బడి మాన్పించింది. ఆ సంగతి ఆమె మరిచిపోలేదు. వాసంతి ఫెయిలైన రెండుసార్లూ ఆ పూట అన్నం ముట్టలేదు. "నీ చదువును ముంచింది నేనే బిడ్డా" అని గోడవైపు తిరిగి పడుకుంది.

పరీక్ష మూడు వారాలుందనగా మెట్ల మీద అసలు గుట్టు బయటపడింది. హాల్లో మూడేళ్లుగా బ్యాంకు పరీక్షలకు చదువుతున్న భీమవరం అమ్మాయి తేజస్విని టీకని దిగుతూ, వాసంతి ఒళ్లో ఉన్న గ్రాఫు కాగితం చూసి ఆగిపోయింది.

"ఇదేంటాంటీ? సరళరేఖ రావాలి కదా. నిట్టనిలువుగా దిగి అక్కణ్నుంచి పక్కకి వంగిపోయిందేంటి?"

"ఎప్పుడు గట్లనే ఒస్తదమ్మా. నా చెయ్యే వంకర."

"మీ చెయ్యి బంగారంలా ఉంది. ఏదీ, ఒకటి కామా మూడు పెట్టండి."

వాసంతి పక్కకు ఒక గడి, పైకి మూడు గడులు లెక్కపెట్టి, ఆ మూడో గడి నట్టనడుమ చుక్క పెట్టింది.

"అయ్యయ్యో, గడిలో పెట్టేశారేంటండీ! గీతలు రెండూ కలిసే చోట కదా పెట్టాలి."

"గీత మీదనా? గీత మీద ఏముంటదమ్మా? దారం గడిల ఉంటది. గీత మీద ఎవరన్న ముడేస్తరా?"

తేజస్విని మెట్టు మీద కూర్చుండిపోయింది. "పోనీ సున్నా కామా నాలుగు?"

"గదే నా పరేషాన్. సున్నకు గడే లేకపాయె. అందుకే ఒకటో గడిలనే సదురుతా."

అంతే, ఆ అమ్మాయి పడీ పడీ నవ్వింది. నవ్వు ఆపుకోలేక వాసంతి చేతులు పట్టుకుంది. వాసంతి ముందు ఉడుక్కుంది, తర్వాత తానూ నవ్వింది, ఆ తర్వాత ఒళ్లు మండింది. ఓపెన్ స్కూల్ ఆదివారం క్లాసుల్లో డెబ్బై మందికి బోర్డు మీద గీసి చూపించే సారుకు, ఈమె చుక్క ఏ గడిలో కూర్చుందో ఎలా తెలుస్తుంది? రెండేళ్లుగా ప్రతి పరీక్షలో గ్రాఫు లెక్క మార్కులు మొత్తంగా పోయాయి. ఆ లెక్కొక్కటి వచ్చి ఉంటే ఎప్పుడో పాసయ్యేది.

ఇంటికి వెళ్లి అమ్మను నిలదీయాలనే బస్సెక్కింది. "నీ గడి నా కొంప ముంచింది" అనే మాట దారి పొడుగునా నాలుక మీదే ఉంది. తలుపు తీస్తే మల్లమ్మ, పని చేసే చేతితోనే తంటాలు పడుతూ, కూతురి పెన్సిళ్లు చెక్కి వరసగా పెడుతోంది. వాసంతి ఆ మాట మింగేసి, పెన్సిళ్లు సంచిలో వేసుకుంది. రాత్రి అన్నాలప్పుడు రామచంద్రానికి మాత్రం చెవిలో చెప్పి, "అమ్మతోని అన్నవంటే చూడు" అని వేలు చూపించింది.

ఆ మూడు వారాలూ తేజస్విని మెట్ల మీద రోజూ ఒక గ్రాఫు గీయించింది. "మీరు గీస్తుంటే నాకు విసుగు పోతోందాంటీ" అనేది.

పరీక్ష ఎల్‌బీ నగర్‌లో ఒక బడిలో పడింది. ప్రశ్నపత్రంలో గ్రాఫు లెక్క ఉంది. వాసంతి స్కేలు పెట్టి అక్షాలు గీసింది, మొదటి చుక్క పెట్టింది. చూస్తే ఏముంది, చుక్క గడిలోనే ఉంది! ముప్ఫై ఐదేళ్ల అలవాటు, చెయ్యి ఆమె మాట విననంది. నెత్తిన మొట్టికాయ పడినట్టే అనిపించింది. గడి చూడు, గీత చూడకు. వాసంతి కళ్లు మూసుకుని, "ఈ ఒక్కసారికి మాఫ్ చెయ్యమ్మా" అని గొణిగింది. చుక్క చెరిపేసి, గీతలు కలిసే చోట మళ్లీ పెట్టింది. రెండోది పెట్టింది, మూడోది పెట్టింది. స్కేలు ఆనిస్తే మూడూ ఒక్క వరసలో నిలిచాయి. ఎంత ముచ్చటేసిందంటే, పక్కన ఉన్నావిడకు చూపించబోయి నాలుక కరుచుకుంది.

ఫలితాలు వచ్చిన పూట తేజస్విని ఫోను పట్టుకుని హాల్లోకి పరిగెత్తుకొచ్చింది. వాసంతి బల్లలు తుడుస్తోంది. లెక్కల ఎదురుగా నలభై ఏడు అని ఉంది. ఒకసారి చూసింది, కొంగుతో ఫోను తుడిచి మళ్లీ చూసింది.

"పాసైనా!"

హాలు దద్దరిల్లింది. అరవై తలలు ఒక్కసారి లేచాయి. నిలబడి చదివే కుర్రాడు మూతి మీద వేలుపెట్టి, అచ్చం ఆమె లాగే కళ్లురిమి, "ష్... ఆంటీ, సైలెన్స్!" అన్నాడు. తర్వాత చప్పట్లు కొట్టడం మొదలుపెట్టిందీ వాడే. ఆ చప్పుడుకు పై అంతస్తు మెట్లు దిగి వచ్చిన మహేందర్, సంగతి తెలిసి, ఎల్‌బీ నగర్ హాలు తాళాలు అక్కడికక్కడే ఆమె చేతిలో పెట్టాడు.

సాయంత్రం వాసంతి మిఠాయి పొట్లంతో ఇల్లు చేరింది. రామచంద్రం అప్పటికే వచ్చి ఉన్నాడు. మల్లమ్మ మిఠాయి నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని అడిగింది.

"ఇన్నిసార్లు పోయిన లెక్కలు ఇప్పుడెట్ల అచ్చినయే?"

"గ్రాఫు లెక్క అచ్చిందమ్మా. గదే గట్టెక్కిచ్చింది."

"గ్రాఫంటే? మన గడుల కాయిదమా?"

"ఆ, గదే."

మల్లమ్మ ముఖం విప్పారింది. ఎన్నేళ్ల నుంచో మోస్తున్న బరువేదో దించినట్టు గోడకు జారబడింది. "మరి గది నేను నేర్పిందే కదనే! బడి మాన్పిచ్చిన గని, నీకు ఒట్టి చేతులియ్యలే. గడి చూడు, గీత చూడకు అని నెత్తి మీద కొట్టి చెప్పిన. గట్లనే రాసినవా?"

ఆమె కళ్ల నిండా నీళ్లు. రామచంద్రం ఏదో అనబోయాడు. వాసంతి రీడింగ్ హాల్లో చూసే చూపు ఒకటి చూసింది. అతను ఒక మిఠాయి తీసి నోట్లో వేసుకున్నాడు.

వాసంతి తల్లి పక్కన కూర్చుని, ఆ చేతిలోని మిఠాయి తీసి ఆమె నోట్లో పెట్టింది.

"గట్లనే రాసినమ్మా," అంది. "నువ్వు చెప్పినట్టే."