ఉతకని చొక్కా

హెయిగో పద్దెనిమిదేళ్లు విల్యాండి ఊరి ఫుట్‌బాల్ జట్టుకి డిఫెండర్‌గా ఆడాడు. మొత్తం మీద కొట్టింది ఒక్కటే గోలు, అదీ సొంత వలలోకి. కానీ అతన్ని దాటాలంటే ఎదుటి జట్లకి తల ప్రాణం తోకకొచ్చేది.

ఆ ఊరివాళ్లు మెచ్చుకోవడంలో మహా పిసినారులు. ప్రాణం పెట్టి ఆడినా "పర్లేదు" అంటారు, అంతే. జట్టు బట్టలు ఉతికే ముసలి హెల్వే అయితే అదీ అనదు.

"బంతి కోసం ఆడతావా, బురద కోసమా? అందరి చొక్కాలూ ఒక్క ఉతుకుతో తెల్లబడతాయి, నీదానికి మూడు!"

"బంతి బురదలో ఉంటే నేనేం చెయ్యను, పిన్నీ?"

అక్టోబరు వానలో అతని ఆఖరి ఆట. చివరి నిమిషంలో గోలుగీత మీద అడ్డంగా పడి, గుండెలతో బంతిని ఆపాడు.

మర్నాడు బూట్లు తీసుకెళ్దామని వస్తే, తెల్లటి చొక్కాల వరుసలో తన నాలుగో నంబరు చొక్కా బురద అట్టకట్టి వేలాడుతోంది.

"ఉతకడం మర్చిపోయావా, పిన్నీ?"

హెల్వే ఇటు తిరగలేదు.

"పర్లేదు, బాగానే ఆడావు. దాన్ని ముట్టుకోకు. ఉతికేస్తే మళ్లీ అంత బురద ఎవడు తెస్తాడురా?"