పాట మధ్యలో వినిపించిన ఈల

ఎవరైనా దయ్యాల కథలు మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేసేవాణ్ణి. చప్పుడు వచ్చిందంటే దానికో కారణం ఉంటుందని నా నమ్మకం. అందుకే ఎనభైల్లో సంతోష్‌నగర్‌లో జరిగిన ఈ సంగతి ఎక్కువమందికి చెప్పలేదు.

డానియల్ నాతోపాటే పనిచేసేవాడు. ఇద్దరికీ ఇంగ్లిష్ పాటల పిచ్చి. మాకిష్టమైన ఒక విదేశీ బ్యాండ్ ఉండేది. మొదటి రికార్డులో వాళ్ల గిటార్లు రంపంతో కోసినట్టు ఉండేవి. తర్వాత బాకాలు చేరాయి. ఆ తర్వాత ఏకంగా డాన్సు పాటలకు దిగారు. దోస్తులందరూ ఆ బ్యాండ్ చెడిపోయిందన్నారు. అలా మారిపోవడమే మా ఇద్దరికీ నచ్చేది.

ఒక ఆదివారం చర్చి అయ్యాక డానియల్ నన్ను ఇంటికి రమ్మన్నాడు. దుబాయ్‌లో ఉండే వాళ్ల బావ కొత్త రికార్డు తెచ్చాడు. చూడ్డానికి బోలెడు పాటలుండే ఎల్పీ రికార్డు అంత ఉంది, కానీ ఒక్కో వైపు ఒకటే పాట. రేడియోలో చిటికెలో అయిపోయే పాటను దీంట్లో బాగా పొడిగించారు.

కింద వంటింట్లో వాళ్లమ్మ కూర వండుతోంది. మేం మేడమీద గదిలో తలుపు వేసుకుని సౌండ్ పూర్తిగా పెంచాం. బేస్ గిటార్ చెవికంటే ముందు గుండెకు తగిలింది. కొంతసేపటికి పాడేవాడి గొంతు ఆగిపోయింది. తర్వాత గిటార్లూ తప్పుకున్నాయి. ఒక్క డ్రమ్ము మిగిలింది. ఆ ఖాళీ కోసమే పాటను అంత సాగదీశారనిపించింది. ఊపిరి బిగబట్టి వింటున్నాను.

అక్కడ ఈల వినిపించింది. ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా.

ఆ ఈల నాకు తెలుసు. డానియల్ వాళ్ల నాన్న డ్యూటీ నుంచి వచ్చి గేటు దగ్గర సైకిల్ ఆపి, ఇంట్లోవాళ్లను అలాగే పిలిచేవాడు. ఆయన పోయి అప్పటికి ఏడాది దాటింది.

"బాపు ఈల గదా అన్నా? నువ్వు గూడ విన్నవా?" అన్నాడు డానియల్. తలూపాను. మళ్లీ వినిపించింది. ఈసారి స్పీకర్లోంచి కాదు, మెట్ల కింది నుంచి.

వాడు పరుగెత్తాడు, వెనకే నేను. వంటింట్లో వాళ్లమ్మ కళ్లు తిరిగి స్టవ్ పక్కనే పడిపోయి ఉంది. చీర కొంగు అంటుకుని మంట చేతిదాకా వచ్చింది. నేను బకెట్ నీళ్లు గుమ్మరించాను, డానియల్ ఆమెను ఇవతలికి లాగాడు. పైన పాట ఇంకా మోగుతూనే ఉంది.

ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని డాక్టర్ అన్నాడు. మీరు పిలిచారా అని తర్వాత ఆమెను అడిగాను. "నేనేడ పిలిచిన బిడ్డా. నోట్లకెల్లి మాటే రాలే" అంది. గేటు ఎదురుగా కూర్చున్న పక్కింటాయన ఎవరూ రాలేదనీ, ఏ ఈలా వినలేదనీ చెప్పాడు.

ఆ రికార్డును ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. వేరే స్పీకర్లు పెట్టి చూశాం, సూది మార్చి చూశాం. ఈల లేదు. భ్రమ అనుకుందామంటే ఇద్దరికీ ఒకేసారి ఎలా కలుగుతుంది? కారణం వెతకడం నా వృత్తి, దీనికి మాత్రం ఇప్పటికీ దొరకలేదు.

చేతికి కట్టు విప్పాక వాళ్లమ్మ ఒకరోజు మేడెక్కి వచ్చింది. ఇంగ్లిష్ పాటలంటే విసుక్కునే మనిషి, మా నోట ఈల సంగతి విన్నాక ఆ పాట పెట్టమంది. మంచం అంచున కూర్చుని కదలకుండా వింది. డ్రమ్ము ఒక్కటే మిగిలిన చోట తల తిప్పి తలుపు వైపు చూసింది. ఏమీ వినిపించలేదు. పాట అయిపోయింది.

"ఇంకోసారి పెట్టు బిడ్డా" అంది.