చిన్నాయన తొడుక్కున్న సెన్సర్ చెప్పులు

బయోమెడికల్ ఇంజినీరింగ్ ఆఖరు సంవత్సరంల నేను చెప్పులు తయారుచేసిన. "నాలుగేండ్లు చదివి చెప్పులు చేస్తున్నదట" అని మా ఇంట్ల ఒకటే నవ్వు. అవి నడకను కొలిచే చెప్పులు. ఎటు తిరిగినం, ఏ కాలు మీద ఎంత బరువు పడ్డది, అన్నీ లోపలి సెన్సర్లు రాసిపెట్టుకుంటయి.

విద్యార్థుల పరిశోధనలకు ఇచ్చే ఒక అవార్డుకు పంపాలంటే, ఎవరన్నా వారం రోజులు వాటిని తొడుక్కొని తిరగాలె. ఇబ్రహీంపట్నంల మా చిన్నాయన కన్నా ఎక్కువ తిరిగేటోడు లేడు. చేన్లన్నీ ప్లాట్లయితున్న రోజులవి. మన్నెగూడ నుంచి కొంగరకలాన్ దాకా ప్లాట్లు చూపించుడే ఆయన పని.

"కరెంటు కొడ్తదా బిడ్డా?"

"కొట్టది."

"నేను యాడికి పోయిన్నో మీ చిన్నమ్మకు తెలుస్తదా?"

"తెల్వది."

"అయితే ఇటు తే."

వారం తర్వాత అంకెలన్నీ అవార్డోళ్లకు పంపిన. జవాబు చూసి నా పానం పోయినంత పనైంది. ఈ మనిషి రోజంతా ఒకే పొడుగు అడుగులేస్తడు, సీదా పోతడు, మూలకు తిరుగుతడు, మళ్ల సీదా పోతడు. మనుషులు ఇట్ల నడవరు, ఈ అంకెలు మీరే అల్లిన్రా? అని రాసిన్రు. ఆ మనిషిని తీసుకొని రమ్మన్నరు.

చిన్నాయన ఇస్త్రీ చేసిన తెల్లంగి తొడిగి, చెప్పులేసుకొని వచ్చిండు. జడ్జీలు ముగ్గురు. జర నడిచి చూపియ్యమన్నరు. ఆయన గోడ పక్కపొంటి హాలంతా ఒక చుట్టు తిరిగి ఆగిండు.

"సార్, ఈ హాలు ఈశాన్యం దిక్కు రెండడుగులు కోసుకపోయింది. కట్టేటప్పుడు ఎవరూ చూస్కోలేదా?"

అందరూ నవ్విన్రు. టేపు తీస్తే కొనే పార్టీకి అనుమానమొస్తదని, ప్లాట్లన్నీ అడుగులతోనే కొలుస్తనని ఆయనే చెప్పిండు. నా మీదున్న అనుమానం గట్ల పోయింది.

జడ్జీలల్ల పెద్దామె ఒకరు మాత్రం నవ్వలేదు. తెర మీది గీతల దిక్కే చూస్తున్నది.

"మీ కుడి మోకాలు నొస్తదా?"

"నాకా? ఏం లేదు మేడం."

"ఎన్ని రోజుల సంది?"

చిన్నాయన నా దిక్కు చూసిండు, నేనే చాడీ చెప్పినట్టు. "రెండేండ్ల సంది," అన్నడు మెల్లగ. "కుంటుకుంట చూపిస్తే ప్లాటెవడు కొంటడు మేడం?"

నాకు సిగ్గుతోని చెవులు కాలినయి. కుడి కాలు మీద బరువు తక్కువ పడుతున్నదని నాకు ముందే కనిపించింది. చెప్పు ఖరాబైందనుకొని రెండుసార్లు సెన్సర్ మార్చిన. మనిషిని మాత్రం ఒక్కసారి గూడ అడగలే. గదే మాట వాళ్లకు చెప్పిన. అవార్డు ఇక రాదనుకున్న. వచ్చింది. పెద్దామె సర్టిఫికెట్ చేతిలపెట్టి, "ముందుగాల ఆయనను దవాఖానకు తీస్కపో," అన్నది.

మరుసటి సోమవారం తీస్కపోయిన. డాక్టరు మోకాలు అటూ ఇటూ వంచి ఒత్తుతుంటే చిన్నాయన పండ్లు బిగబట్టి, "డాక్టర్ సాబ్, అబ్దుల్లాపూర్‌మెట్ దిక్కు ప్లాటేమన్న చూస్కున్నరా?" అని అడిగిండు.