రాలని ఊదకంకి

టీచర్ పోయారన్న కబురు మాకు ఆస్పత్రి నుంచి రాలేదు. కింది అంతస్తులో ఉండే ఆమె భర్త, అదే మహమ్మారి సోకి గదిలో ఒంటరిగా పడుకుని ఉన్న మనిషి, మా నాన్నకు ఫోన్ చేసి, "అయిపోయింది సార్, ఆమె పోయింది" అన్నారు. ఏప్రిల్ ఎండ అప్పటికే గోడల మీదికి ఎక్కింది. మెట్లు దిగి వెళ్లాం గానీ ఆయన చేయి పట్టుకోవడానికి వీల్లేదు. మేం తలుపుకు బయట నిలబడ్డాం, ఆయన లోపల నిలబడ్డారు.

ఇది చదివేవాళ్లలో చాలామందికి ఆమె తెలియదు. సూరత్‌లో మగ్గాల మీద పనిచేసేవాళ్ల పిల్లలకు తెలుగు మీడియం బడిలో ఆమె సోషల్ చెప్పేవారు. గోడాదరా సందుల్లోనైనా, పర్వత్ పాటియాలోని మా సొసైటీలోనైనా ఆమెను 'టీచర్' అనే పిలిచేవారు. నేను ఆమె బడిలో చదవలేదు. రైల్వే ఉద్యోగి బిడ్డగా ఇంగ్లీషు మీడియంలో చదువుకుంటూ, సెలవుల్లో ఆమె బడిపిల్లలతో కలిసి ఆమె ఇంట్లో తెలుగు నేర్చుకున్నాను. వాదించడమూ అక్కడే నేర్చుకున్నాను. ఏ మాటనూ ఊరికే ఒప్పుకోవడం ఆమె ఇంట్లో కుదిరేది కాదు.

ఆమెకు ప్రాణమైన పాఠం నవీన శిలాయుగం. నేల మీద ఆసియా పటం పరిచి, చైనా దక్షిణపు నదీలోయల్లో వడ్లు, ఉత్తరాన కొర్రలు, పశ్చిమాసియా కొండల మీద గోధుమలు, మన దక్కను మీద ఉలవలు, పెసలు పోసేవారు. "సేద్యం ఒక్కడే కనిపెట్టి అందరికి పంచిండనుకుంటున్రా? ఏడోళ్లు ఆడనే కనిపెట్టిన్రు" అనేవారు. పాఠం అయ్యాక గింజలన్నీ ఏ డబ్బాలోవి ఆ డబ్బాలోకి తిరిగి వెళ్లాల్సిందే. పటం మీది దేశాలను కలిపేసినా ఊరుకునేవారు గానీ గింజల్ని కలిపితే ఊరుకునేవారు కాదు.

పుస్తకంలో 'నవీన శిలాయుగ విప్లవం' అన్న చోటికి రాగానే మా ఇద్దరికీ జగడం మొదలయ్యేది.

"వేల ఏండ్లు పట్టినదాన్ని విప్లవం అంటరా? గది ఓపిక."

"ఓపికతో లోకం మారదు, టీచర్."

"మారిందనే గద నేను చెప్తున్న. జర ఊపిరి తీస్కో. నీది నోరు గాదు, పవర్‌లూమ్. దారం తెగినా ఆగదు."

దక్కనులోని ఆ పాతకాలపు పల్లెల్లో చనిపోయినవాళ్లను, ముఖ్యంగా పసిపిల్లలను, ఇంటి నేల కిందే పాతిపెట్టేవారని చెప్పిన రోజు ఒక పిల్ల వణికిపోయింది. "రాత్రి పండుకుంటే భయం కాదా టీచర్?" అని అడిగింది. ఆమె ఆశ్చర్యంగా చూశారు. "మనోళ్లంటే భయమేంది?"

మహమ్మారి రెండో ఏడాది ఫిబ్రవరిలో మా కళాశాల ఆన్‌లైన్‌లో డిబేట్ పెట్టింది. 'సేద్యం మనిషిని బానిసను చేసింది' అన్న పక్షాన నేను మాట్లాడాను. అడవిలో తిరిగిన మనిషి తీరికగా బతికాడని, గింజ అతణ్ణి ఒకచోట కట్టిపడేసిందని, గాదె వెనకే కావలివాడు, కావలివాడి వెనకే రాజు వచ్చారని వాదించాను. పశువులతో కలిసి ఇరుకిరుకుగా బతకడం మొదలుపెట్టిన నాడే అంటురోగాలకు తలుపు తెరిచామని, ఈ మహమ్మారికి కూడా వేరు ఆ మొదటి చేనులోనే ఉందని ముగించాను. బహుమతి నాకే వచ్చింది.

ఆ మాట చెప్పడానికి టెర్రస్ మీదికి పరుగెత్తాను. టీచర్ రెండు పాత పెయింట్ బకెట్లలో మట్టి నింపుతున్నారు. "గెలిచినవ్ తీ బిడ్డా" అన్నారు. "కానీ నా జవాబు ఇయ్యాల గాదు, ఇవి పండినంక."

ఒక బకెట్‌లో తమ ఊరి నుంచి తెప్పించిన ఊదలు, కొర్రల్లాంటి చిరుధాన్యం, చల్లారు. రెండోదానిలో ఖాడీ గట్టున, అంటే మా వెనక పారే మురుగు వాగు పక్కన, దానంతటదే మొలిచే ఊదగడ్డి గింజలు వేశారు. "ఈ గడ్డి తల్లి, ఆ ఊద బిడ్డ. అడివి గడ్డిలకెల్లే మనోళ్లు ఊదను తీసిన్రు. రెండిటినీ పండనీ. ముట్టి చూడు. బానిస ఎవరో అప్పుడు చెప్పు."

నాకు ఆగడం చేతకాదు. గుజరాతీలు ఉపవాసాలకు వండుకునే సామో కూడా ఊదే అని తెలిసి, కిరాణా కొట్లో ఒక పొట్లం కొని మూడో బకెట్ సిద్ధం చేశాను. ఒక్క మొలకా రాలేదు. టీచర్ నవ్వి నవ్వి నీళ్ల ట్యాంకు మెట్టు మీద కూలబడ్డారు. "పొట్టు తీసిన బియ్యం మొలుస్తదా? డిబేట్ల గెలిచిన తెలివి ఏడ వోయింది?"

ఊద పూత పట్టే వేళకు ఆమె మంచం పట్టారు. ఆస్పత్రి నుంచి ఒకసారి ఫోన్ చేశారు. వెనక ఎవరివో దగ్గులు, ఏదో యంత్రం కూత.

"ఊద గోసినవా?"

"లేదు టీచర్, ఇంకా పచ్చిగానే ఉంది. మీరు వచ్చాకే కోద్దాం."

ఆమె ఊపిరి కూడదీసుకున్నారు. "ఆగుతది" అన్నారు. "దానికి ఆగుడు మనమే నేర్పినం."

తర్వాత ఆమె గొంతు నేను వినలేదు. ఇంటి నేల కింద మనవాళ్లు ఉంటే భయమేమిటని అడిగిన ఆమెను ఇంటి గడప దాకా కూడా తీసుకురానివ్వలేదు. మా నాన్న శ్మశానం గేటు బయట నిలబడి పొగను చూసి వచ్చారు. అన్ని చితుల్లో ఆమె పొగ ఏదో తెలియలేదన్నారు. ఆ మహమ్మారిని వాదనలో ఒక అంశంగా వాడుకుని బహుమతి గెలిచింది నేనే. ఆ వాదన తప్పని ఈనాటికీ అనను.

మే నెలలో సొసైటీ సెక్రటరీ కాకా టెర్రస్‌కు మందు కొట్టించడానికి మనిషిని వెంటబెట్టుకుని వచ్చారు. బకెట్లను చూసి, "ఆ ఘాస్ కాఢీ నాఖో" అన్నారు, గడ్డి పీకిపారేయమని. ఎవరితోనైనా గంటసేపు వాదించగల నాకు ఒక్క వాక్యమే వచ్చింది. "టీచర్ వేసినవి, కాకా." ఆయన మాస్కు సర్దుకున్నారు. "తో రహేవా దో" అన్నారు, ఉండనీమని. మందు కొట్టే మనిషిని ఆ మూలకు పోనివ్వలేదు.

వారం తర్వాత టీచర్ భర్త గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. ఆమె నాకు బాకీపడిన జవాబు సంగతి ఆయనకు తెలుసు. "ముట్టి చూడమన్నది గద. చూడు బిడ్డా."

ఊదగడ్డిని ముట్టుకున్నాను. గింజలు ఎప్పుడో రాలిపోయాయి. మిగిలిన కొన్ని కూడా వేలు తగలగానే సిమెంటు మీద చెదిరాయి. దానికి ఎవరి చేయీ అక్కర్లేదు.

పక్క బకెట్‌లో ఊద కంకులు బరువుకు వంగి ఉన్నాయి. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకున్నాను. గింజలు ఎండి గట్టిపడ్డాయి, పండి చాలా రోజులైంది. అయినా ఒక్కటి కూడా నా చేతిలో రాలలేదు. టీచర్ అన్నట్టే, కోసే చేయి కోసం ఆగి ఉన్నాయి.

"కోయి మరి" అన్నారాయన.

"మీరు కోయండి, అంకుల్."

ఆయన తల అడ్డంగా ఊపారు. ఇద్దరం బకెట్‌కు చెరోవైపు కూర్చున్నాం. తాపీ నది వైపు నుంచి వేడిగాలి వీచింది. టెర్రస్ మీద రాలిన గడ్డిగింజలు గోడవారకు దొర్లిపోయాయి. ఊదకంకి ఊగింది. ఊగి, గింజలన్నిటినీ పట్టుకుని, మళ్లీ వంగి నిలబడింది.