నా బిడ్డకు నేర్పిన నవ్వు

ఏడో తరగతిల నేను బడి మానేసిన. బడే నన్ను మానేసిందని మా ఇంటిది అంటది. అందుకే బిడ్డకు చదువు చెప్పే పని ఆమెకు ఇడిసిపెట్టి, నవ్వించే పని నేను పట్టుకున్న.

నడక నేర్చేటప్పుడు పిల్ల పడ్డదంటే, నేను గచ్చు దగ్గర కూసొని "అయ్యో, గచ్చుకు ఎంత దెబ్బ తాకింది, దవాఖానకు తీస్కపోదామా" అనేటోన్ని. ఏడుపు మరిచి నవ్వేది. జరమొస్తే "ఇగ నీ నెత్తి మీదనే రొట్టెలు కాలుస్తం, గ్యాసు మిగులుతది" అనేటోన్ని. నవ్వేది. ఆరేండ్లు వచ్చేసరికి మా గల్లీల ఏడ్వని పిల్ల అంటే నా బిడ్డే. నేనే అందరికి చెప్పుకుంట తిరిగిన.

పాశమైలారంల మందుల కంపెనీల హెల్పర్ పని నాది. మా దిక్కు ఏ కిరాయి ఇంటి ముందు చూసినా నీలం డ్రమ్ము ఉంటది. కంపెనీలల్ల కెమికల్ అయిపోయినంక ఖాళీ డ్రమ్ములు స్క్రాప్ దుకాణానికొస్తయ్. మూడుసార్లు సర్ఫుతోని కడిగి, రెండు దినాలు ఎండల బోర్లేస్తే సాఫ్ అయినట్టే. ట్యాంకరొచ్చిన దినం నింపుకుంటం. తాగనీకె కాదు, స్నానానికి, బట్టలకు. కొనేటప్పుడు మాత్రం మూతి దగ్గర ముక్కు పెట్టి చూస్తం. దినమంతా కంపెనీల ఉన్న ముక్కు అది, దానికేం తెలుస్తదని ఎవలం అనుకోం.

మొన్న చలికాలం పోయేటప్పుడు నేను గట్లనే ఒకటి కొత్తది తెచ్చిన. కడిగినంక ముక్కు పెట్టి చూసిన. వాసనేం రాలే.

"ఏదో కొడుతుందయ్యా," అన్నది మా ఇంటిది. ఆమె అప్పటికి ఇంకా పనికి పోవుడు షురూ చెయ్యలే.

"నీది ఇంట్ల కూసున్న ముక్కు. నాది సర్వీసున్న ముక్కు," అన్న. ఆమె నవ్వి ఊకున్నది.

తర్వాత వారానికే ఆమె కూడ ప్యాకింగ్ పనికి ఎక్కింది. ఇద్దరం తెల్లారకముందే పోయేది. పిల్ల తనంతల తానే నీళ్లు పోసుకొని, బట్టలేసుకొని, పక్కింటి పిల్లలతోని బడికి పోవుడు నేర్చింది. దాన్ని కూడ గొప్పగనే చెప్పుకున్నం.

కొన్ని దినాలకు "డాడీ, వీపు గులగుల అయితుంది" అని గోక్కుంట అన్నది. నాకూ చేతులు గులగులనే ఉండె. కంపెనీల చేసేటోళ్లకు అది మామూలే. "కొమ్ములు మొలిచే ముందు గట్లనే అయితది, జెర ఓపిక పట్టు" అన్న. పిల్ల నెత్తి తడుముకొని కిలకిల నవ్వింది. మల్ల ఆ ముచ్చట నా దగ్గర ఎత్తలే.

వాళ్ల బడి మేడం వాళ్లది ఆంధ్ర. పొద్దుగాల్ల పిల్లలను గుండ్రంగ కూసోబెట్టి, కడుపు మీద, ఛాతీ మీద చెయ్యి పెట్టిచ్చి, ఒళ్లెట్ల ఉంది, మనసెట్ల ఉంది అని ఒక్కొక్కల్ని అడుగుతది. "ఆరేండ్ల పిల్లలకు మనసేంది మేడం, మాకే ఇంకా రాలే" అని ఒకసారి మీటింగుల అందరినీ నవ్వించిన. ఆమె నవ్వలే.

ఆ మేడమే ఒకనాడు ఫోన్ చేసి పిలిపిచ్చింది.

"మీ పాప ఇంట్లో ఎప్పుడైనా నొప్పి అని చెప్తుందా అండీ?"

"మా పిల్ల గట్టిది మేడం. ఏడ్వదు."

"ఏడవకపోతే నొప్పి లేదని కాదు కదండీ. గోడకి వీపు రాసుకుంటుంటే చూశాను. చొక్కా చర్మానికి అంటుకుపోయింది. నేను తడిపి తీస్తుంటే నవ్వుతూ ఏం చెప్పిందో తెలుసా? కొమ్ములు మొలుస్తున్నాయంట."

నా జోకు ఇంకొకరి నోట్లకెల్లి విని నేను నవ్వనిది అదే మొదలు.

సంగారెడ్డి దవాఖానకు పోయే బస్సుల పిల్ల సీటుకు ఆనకుంట, ముందటి రాడు పట్టుకొని నిటారుగ కూసున్నది. దార్ల కనబడ్డ బర్రెలకు పేర్లు పెట్టి నన్ను నవ్వియ్యాలని చూసింది.

దవాఖానల డాక్టరమ్మ అంగీ ఎత్తి చూసింది. నేనూ అప్పుడే చూసిన. వీపంతా బొబ్బలు పగిలి, తోలు లేసిపోయి ఉంది. ఏం నీళ్లు పోస్తున్నరని అడిగింది. డ్రమ్ము సంగతి చెప్పిన. ఆమె రాసుడు ఆపి నా దిక్కు చూసింది.

"మండుతుందా పాపా?"

పిల్ల డాక్టరమ్మను చూడలే. నా మొకం చూసింది. నేనేమంటనో అని ఎదురుచూసి, నేనేమనకపోయేసరికి తనే నవ్వి "లే" అన్నది. రెండు చేతులు మాత్రం స్టూలు అంచును గట్టిగ పట్టుకొని ఉన్నయ్.

అబద్ధమెందుకు, నా నోట్ల అప్పుడు కూడ ఒక జోకు తయారుగనే ఉండె. మింగి, స్టూలు ముందట కింద కూసున్న.

"బిడ్డా, నాకు భయమైతుంది," అన్న.

అది నవ్వుడు ఆపింది. ఇదీ ఆటనేమోనని నా మొకంల చానాసేపు వెతికింది.

"నిజంగనా డాడీ?"

"నిజంగనే. నువ్వు నవ్వుతుంటే ఇంకింత భయమైతుంది. ఏడేడ మండుతుందో నాకు చూపియ్యి. నేను నవ్వ."

తర్వాత మెల్లగ చెయ్యెత్తి చంక చూపిచ్చింది. "ఈడ." మెడ మీద జడ పక్కకు జరిపింది. "ఈడ." మోకాళ్ల ఎనక. డాక్టరమ్మ కూడ ఇంకా చూడని జాగలవి.

"ఎప్పటిసంది బిడ్డా?"

"చానా దినాలసంది. నువ్వు నవ్వుతవని చెప్పలే."

గంత చెప్పి కింది పెదవిని పండ్లతోని పట్టుకున్నది. ఏడ్వొచ్చునో లేదో దానికి తెలుస్తలేదు. ఏడువు బిడ్డా అని నేను చెప్పాల్సొచ్చింది. అది కూడ రెండుసార్లు చెప్పినంకనే ఏడ్చింది.