పోయిండే అన్న పెదాలు

దయ్యాలంటే నాకు నవ్వొచ్చేది. సిద్దిపేటలో పెళ్లి వీడియోలు తీసి, మిక్సింగులో పెళ్లికూతురి అరచేతిలో పెళ్లికొడుకును కూర్చోబెట్టిన వాణ్ణి. తెరమీద కనిపించేదంతా మనిషి పనేనని నాకంటే ఎవరికి తెలుసు?

తొంభైల్లో పల్లెపాటల క్యాసెట్లు జోరుగా అమ్ముడుపోయేవి. హైదరాబాద్‌లో ఒక క్యాసెట్ల సేటు వాటికి వీడియోలు తీద్దామన్నాడు. నేను మా చిన్నమ్మ పాట వినిపించాను. చిన్నమ్మ అక్కన్నపేట దగ్గర కూలికి పోయేది. పెనిమిటి బొంబాయి పోయి మళ్లీ ఇంటి మొహం చూడలేదు. నాట్లేస్తూ ఆమె కట్టుకున్న పాట అది: "బొట్టువెట్టినోడు బొంబై పోయిండే." నా టేప్‌రికార్డర్‌లో పాడిన ఏడాదే జ్వరమొచ్చి చనిపోయింది.

సేటుకు బాణీ నచ్చింది. 'పోయిండే' నచ్చలేదు. వింటే నలుగురూ నవ్వుతారట! ఆ ఒక్క మాటను 'పోయాడే' చేసి, స్టూడియో గాయనితో పాడించి, చిన్నమ్మ గొంతు తీసి పారేశాడు. వాని నోట్లె మన్నువడ. కొట్లాడాను. దర్శకులకు కరువు లేదన్నాడు. దర్శకుడిగా నా పేరు పడబోయే మొదటి వీడియో అది, అదీ పోతే మళ్లీ పెళ్లి పందిళ్లే గతి.

పట్టపగలు, సిద్దిపేట పక్కన పొలాల్లో తీశాం. నటించిన అమ్మాయిది విజయవాడ. మా యాస ఆమె పుట్టి ఎరగదు. టేపు వినిపిస్తుంటే దానికి తగ్గట్టు పెదాలు కదిపింది. టేపులో 'పోయాడే' అనే వచ్చింది, మేమందరం విన్నాం.

ఎడిటింగులో పాట కలిపి చూస్తే ఆ ఒక్క మాట దగ్గర లిప్పు కుదరలేదు. 'యా' అన్నప్పుడు నోరు తెరుచుకోవాలి కదా. ఆమె పెదాలు 'యి' అన్నట్టు పక్కలకు సాగుతున్నాయి. ప్రతి చరణంలోనూ అంతే. టేపు స్పీడు తేడా అనుకుందామంటే మిగతా మాటలన్నీ అచ్చంగా కలిశాయి. ఆ పిల్లను అడిగితే, విన్నదే అన్నానని ఏడ్చింది.

సేటు చూసి మండిపడ్డాడు. "నీ యాస ఆ అమ్మాయికి కూడా అంటించావయ్యా. పో, పెళ్లిళ్లు తీసుకో."

వీడియో మూలన పడింది. నేనూ పడ్డాను. కొన్నేళ్లకు మా యాసకే గిరాకీ వచ్చింది. 'పోయిండు', 'వచ్చిండు' అని అదే సేటు ఊరూరా అమ్ముకున్నాడు. నన్ను మాత్రం పిలవలేదు. ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా అవ్వ, అంటే అమ్మ, ఆ వీడియో చూపించమంది. చిన్నమ్మ ఆమెకు సొంత చెల్లెలు. పాట మార్చిన సంగతి గానీ, లిప్పు గొడవ గానీ నేనెప్పుడూ చెప్పలేదు. స్టూడియో గొంతు వింటే బాధపడుతుందని టీవీ చప్పుడు పూర్తిగా తగ్గించి పెట్టాను.

అవ్వ కాసేపు చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత తెరమీది పెదాలను చూస్తూ సన్నగా పాడసాగింది. ఎక్కడా తప్పలేదు. 'పోయిండే' దగ్గర ఆమె పెదాలూ, ఆ పిల్ల పెదాలూ ఒకేలా సాగాయి.

పాట అయిపోయాక అవ్వ నా వైపు తిరిగింది.

"మా చెల్లె గింత మంచిగ పాడుతుంటె, గొంతెందుకు బంద్ జేసినవ్‌రా?"

ఇది రాస్తుంటే కూడా నా చేయి 'పోయాడు' అనే రాస్తోంది. బళ్లో అట్లా నేర్పారు. ఆ విజయవాడ పిల్ల నోటికి 'పోయిండే' ఎవరు నేర్పారో నాకు ఇప్పటికీ తెలియదు.